నా పాపాల పద్దు

పదేళ్ళ వయసులో నేనొక పద్దు పుస్తకం పెట్టుకున్నాను. లెక్కల నోటుబుక్కులో మిగిలిపోయిన కాగితాలు చింపి, సూదీదారంతో కుట్టి, ఒక్కో పేజీకి పది నిలువు గళ్ళు గీసి, పైన ఒకటి నుంచి పది దాకా అంకెలు వేశాను. బైబిల్లో దేవుడు మోషేకిచ్చిన పది ఆజ్ఞల్లో ఒక్కోదానికి ఒక్కో గడి. రాత్రి పడుకోబోయే ముందు, ఆ రోజు ఏ ఆజ్ఞ మీరితే ఆ గడిలో ఒక గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా.

ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. సండే స్కూల్లో పది ఆజ్ఞలూ కంఠస్థం చేయించారు. గడగడా అప్పజెప్పాను. టీచరమ్మ మెచ్చుకుని, "అప్పజెప్పావు సరే, పాటిస్తున్నావా మరి?" అన్నారు నవ్వుతూ. ఆవిడ ఆ మాట అప్పుడే మర్చిపోయి ఉంటారు. నాకు మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

మొదటి వారం హుషారుగానే గడిచింది. వేరే దేవుళ్ళు వద్దనే ఒకటో గడీ, విగ్రహాలు వద్దనే రెండో గడీ తెల్లగా ఉండేవి. మూడోదానితో కాస్త చిక్కు: కాలికి రాయి తగిలి "దేవుడా" అంటే అది దేవుడి పేరు వ్యర్థంగా ఉచ్చరించినట్టా, ప్రార్థన చేసినట్టా? నాలుగోది విశ్రాంతి దినం. ఆదివారం హోంవర్కు చెయ్యకపోవడానికి నాకు దొరికిన ఒకే ఒక్క పవిత్రమైన సాకు. అయిదో గడి, తల్లిదండ్రుల్ని సన్మానించడం, వారంలోనే నిండిపోయింది. ఆరోది నరహత్య, ఖాళీ. ఏడోదానికి అర్థమే తెలియలేదు. నాయనమ్మనడిగితే, "అది పెద్దయ్యాక చూసుకోవచ్చులే, ఆ గడి వదిలెయ్" అంది.

నా కొంప ముంచింది పదోది. తక్కిన తొమ్మిదీ బయటికి కనబడేవే. ఒకళ్ళు చూసి పట్టుకోవచ్చు. "ఆశింపకూడదు" అనేది మాత్రం ఎవరికీ కనబడదు, అయినా లెక్కలోకొస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ గడి గీసేదాకా నాకు పెద్దగా ఆశలు ఉన్నట్టే తెలియదు. గీసిన మర్నాటి నుంచీ కనబడిందల్లా కావాలనిపించింది. పక్కమ్మాయి జడ, ఎదురింటావిడ గొంతు, అన్నయ్య మార్కులు. చాలా ఏళ్ళ తర్వాత రోమా పత్రిక, అంటే రోములోని క్రైస్తవులకి అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం, ఏడో అధ్యాయం శ్రద్ధగా చదువుతుంటే, "ఆశింపవద్దని ధర్మశాస్త్రము చెప్పనియెడల దురాశయన ఏమిటో నాకు తెలియకపోవును" అన్న పౌలు మాట దగ్గర పుస్తకం మూసేసి కాసేపు నవ్వుకున్నాను. అంత మహానుభావుడిక్కూడా సరిగ్గా పదో ఆజ్ఞ దగ్గరే కాలు జారింది.

ఇక ఆరో గడి సంగతి. ఒక ఆదివారం పాస్టరుగారు యేసు చేసిన కొండమీద ప్రసంగం తీసుకున్నారు. సహోదరుడి మీద కోపపడినా నరహత్య చేసినట్టే తీర్పుకు లోనవుతాడని మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ఉంది. మా అన్నయ్య మీద నాకు రోజుకి ఎన్నిసార్లు కోపం వచ్చేదో! అప్పటిదాకా మచ్చలేకుండా కాపాడుకున్న గడి ఒక్క ప్రసంగంతో నల్లబడిపోయింది. ఆ పై వారమో ఎప్పుడో యాకోబు పత్రిక చదివారు: ధర్మశాస్త్రమంతా, అంటే మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలన్నీ, పాటించి ఒక్క ఆజ్ఞలో తప్పినా అన్నిటిలోనూ అపరాధే. అంటే పది గళ్ళు ఎందుకు? ఒకటే గడి, ఒకటే గీత, చాలు కదా! యూదు పండితులు ధర్మశాస్త్రంలోని ఆజ్ఞలన్నీ కలిపి 613గా లెక్కపెట్టారని, అందులో 248 చెయ్యవలసినవి, 365 చెయ్యకూడనివి అని తర్వాతెప్పుడో తెలిసింది. పదికే ఇన్ని పాట్లు పడ్డదాన్ని, ఆ సంగతి అప్పుడు తెలియకపోవడమే మంచిదయింది.

అప్పట్లో నా నమ్మకం ఒకటే. గట్టిగా ప్రయత్నిస్తే ఏదో ఒక రోజు పేజీ మొత్తం తెల్లగా ఉంటుంది. మనిషి తన సంకల్పంతోనే పాపం లేకుండా బతకగలడని అయిదో శతాబ్దం మొదట్లో పెలాగియస్ అనే సన్యాసి అన్నాడట. బిషప్పు అగస్టీన్ ఆయన మీద ఏళ్ళ తరబడి రాశాడు, 418లో కార్తేజిలో కూడిన బిషప్పుల సభ ఆ బోధను ఖండించింది. పదేళ్ళకే నేను పెలాగియస్ శిష్యురాలిని, ఆయన పేరైనా వినకుండానే.

బళ్ళో నా పక్కన కూర్చునే అమ్మాయి కతోలిక సంఘం. ఒకే బెంచీ, ఒకే టిఫిన్ గంట, అంతా కలిసే. ఒకరోజు నా పద్దు తనకి చూపించాను. గొప్పలు చెప్పుకోవడానికే లెండి. అది చూసి, "ఎనిమిదోది దొంగతనమేంటే? దొంగతనం ఏడోది కదా!" అంది. నేను కాదన్నాను. తను అవునంది. బెంచీ మధ్యన చాక్‌పీసుతో గీత గీసుకునేదాకా వెళ్ళింది తగువు. ఇంటికెళ్ళి నాన్ననడిగితే, "వాళ్ళు విగ్రహాల ఆజ్ఞ విడిగా లెక్కపెట్టరమ్మా, అందుకే అంకెలు జరుగుతాయి" అన్నారు. ఆ మాట పట్టుకుని మర్నాడు వీరావేశంతో, "మీరు ఒక ఆజ్ఞ మింగేశారు" అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. ఆ రోజు తొమ్మిదో గడిలో, అంటే అబద్ధసాక్ష్యం గడిలో, గీత పెట్టుకోవాలని నాకు తోచలేదు. పెట్టుకోవలసింది.

ఎందుకంటే ఎవరూ ఏదీ మింగలేదు. బైబిల్లో అవి పది అని ఉందే తప్ప, ఒకటి, రెండు అని అంకెలు లేవు. విగ్రహాల మాటని మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశించడాన్ని రెండుగా విడగొట్టి లెక్కపెట్టేది అగస్టీన్ పద్ధతి. పొరుగువాడి భార్యను ఆశించడం తొమ్మిదోది, అతని ఆస్తిని ఆశించడం పదోది. కతోలికులు అదే పాటిస్తారు. నాకు ఇంకా మింగుడుపడని విషయం ఏమిటంటే, మా ప్రొటెస్టంట్లకి మూలపురుషుడైన లూథరు కూడా అదే లెక్క ఉంచేసుకున్నాడు! రోముతో అన్ని తగువులు పడ్డ మనిషి ఈ అంకెల జోలికి మాత్రం పోలేదు. అంటే మా తగువులో లూథరు నా వైపు కాకుండా ఆ పిల్ల వైపు కూర్చునేవాడన్నమాట.

తనని చూస్తే నాకున్న అసూయ ఇంకొకటి, పాపసంకీర్తనం. పద్దు పెట్టుకుని నేను ఒక్కదాన్నీ మోసుకుంటుంటే, తను గురువుగారి దగ్గర మోకరించి చెప్పేసి, ఆయన చెప్పిన జపమేదో చేసుకుని, చేతులు దులుపుకుని వచ్చేసేది. పైగా ఆ పిల్ల దగ్గర నా దగ్గర లేని వర్గీకరణ ఉండేది. మరణకరమైన పాపం కావాలంటే మూడు ఉండాలి: విషయం పెద్దదై ఉండాలి, తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, ఇష్టపడి చేసి ఉండాలి. ఏ ఒక్కటి తగ్గినా అది చిన్న పాపం. వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేది, వకీలులాగా. "మాకు అలా ఏం లేదే, అన్నీ ఒకటే" అన్నాను. "అయితే మీకు కష్టమే" అంది జాలిగా. నిజంగానే కష్టంగా ఉండేది.

ఆ పిల్ల రంగు పెన్సిలే నేను దొంగిలించాను.

నా దగ్గర రంగు పెన్సిళ్ళు లేక కాదు. అదే నీలం నా డబ్బాలోనూ ఉంది, ఇంకా పొడుగుది. తను మంచినీళ్ళకి లేచింది. నేను తీశాను. అంతే. ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టె వెనక పడేశాను, ఒక్కసారైనా దాంతో గీయలేదు. అగస్టీన్ తన పదహారో ఏట స్నేహితులతో కలిసి పక్కవాళ్ళ చెట్టు బేరిపళ్ళు దొంగిలించి, తినడానికి కాకుండా పందులకి విసిరేసిన సంగతి నలభై దాటాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆకలి లేదు, ఇంతకంటే మంచి పళ్ళు ఇంట్లోనే ఉన్నాయి, దొంగతనంలోని రుచి కోసమే దొంగతనం చేశానంటాడు. ఇంత చిన్నదానికి ఇన్ని పేజీలు ఏడవడమేమిటని విసుక్కునేవాళ్ళున్నారు. ట్రంకుపెట్టె వెనక నీలం పెన్సిలు ఉన్నవాళ్ళకి ఆ విసుగు రాదు.

మూడు రాత్రులు నిద్ర లేదు. ఎనిమిదో గడిలో గీత పెట్టాను, చెరిపాను, మళ్ళీ పెట్టాను. కాగితం చిల్లు పడింది. నాలుగో రోజు నాయనమ్మ దగ్గర బయటపడిపోయాను.

నాయనమ్మకి చదువు కూడబలుక్కుని చదివేంతే. బైబిలు మాత్రం చాలావరకు నోటికొచ్చు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "జక్కయ్య కథ చెప్పు" అంది. చెప్పాను. పొట్టివాడు, సుంకరుల్లో పెద్ద, చెట్టెక్కాడు, యేసు పైకి చూసి దిగమన్నాడు, ఇంటికొచ్చాడు, అప్పుడు జక్కయ్య లేచి అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు ఇచ్చేస్తానన్నాడు.

"ఇస్తానన్నాక ప్రభువు ఇంటికొచ్చాడా, వచ్చాక ఇస్తానన్నాడా?"

"వచ్చాక."

"ఆఁ" అంది. అని ఊరుకుంది. ఇంకేమైనా చెబుతుందేమోనని కూర్చున్నాను. "పొద్దున్నే ఇచ్చెయ్ దానిది దానికి. వట్టిదివ్వకు, నీది కూడా కలిపివ్వు" అని అటు తిరిగి పడుకుంది.

కలిపి ఎందుకో అప్పుడు తెలియలేదు. దోచుకున్నదాన్ని తిరిగిచ్చేటప్పుడు దానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలని బైబిల్లోని లేవీయకాండంలో ఉంది. నాయనమ్మ లెక్కలో అయిదో వంతు పెన్సిలు అంటే ఇంకో పెన్సిలే.

మర్నాడు రెండు నీలం పెన్సిళ్ళు బెంచీ మీద పెట్టి తల దించుకున్నాను. "నాకు తెలుసు నువ్వే తీశావని" అంది ఆ పిల్ల. రెండోది వెనక్కి తోసింది. నేను మళ్ళీ ముందుకి తోశాను. టీచరు చూసి ఇద్దర్నీ నిలబెట్టారు.

ఆ తర్వాత పద్దు ఎక్కువ రోజులు సాగలేదు. ఎప్పుడు ఆపేశానో గుర్తులేదు. భయం మాత్రం అంత తేలిగ్గా పోలేదు, వేషం మార్చుకుంది. మా సంఘంలో ఏడాదికోసారి విశ్వాసాన్ని రగిలించే ఉజ్జీవ కూటాలు జరిగేవి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకులు, "రక్షణ పొందారా? ఏ తేదీన?" అని అడిగేవారు. అంటే క్రీస్తుని నమ్ముకుని పాపాల నుంచి విడుదల పొందింది ఏ రోజున అని. తమ అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పేవాళ్ళందరి దగ్గరా తేదీ ఉండేది. నా దగ్గర లేదు. మూడేళ్ళలో మూడుసార్లు చెయ్యెత్తాను, ఏ తేదీ ఖాయం చేసుకోవాలో తెలియలేదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ గురించి మొదటిసారి విన్నప్పుడు నిజంగా ఈర్ష్యపడ్డాను. 1738 మే 24, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూటం, రోమా పత్రికకి లూథరు రాసిన ముందుమాట ఎవరో చదువుతున్నారు, రాత్రి తొమ్మిదికి ఇంకా పావుగంట ఉందనగా ఆయన గుండె వింతగా వెచ్చబడింది. తేదీయే కాదు, గడియారంతో సహా! చాలా ఏళ్ళు పోయాక ఒక ముసలి పాస్టరుగారితో ఈ గోడు చెప్పుకుంటే, "పుట్టిన తేదీ తెలియనివాళ్ళు పుట్టలేదా అమ్మా?" అన్నారు. అది చాలామంది అనే మాటేనట. నాకు మాత్రం అప్పుడే కొత్త.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. అమ్మ లేదు, నాన్న లేరు, ఆఖరికి అన్నయ్య కూడా లేడు. కుర్చీలో నాన్న కళ్ళజోడు. ఇంకేముంది, రాకడ, అంటే క్రీస్తు రెండో రాక, వచ్చేసింది, నమ్మినవాళ్ళందరూ ఆకాశానికి ఎత్తబడ్డారు, నేనొక్కదాన్నే మిగిలిపోయాను! అన్నయ్య కూడా వెళ్ళిపోయాడన్న సంగతి అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే పెరట్లోంచి నాయనమ్మ దగ్గు వినబడింది. ఆ దగ్గంత తియ్యటి శబ్దం నా జన్మలో మళ్ళీ వినలేదు. నాయనమ్మ ఇక్కడుందంటే రాకడ రాలేదన్నట్టే. పక్కింటాయనకి ఒంట్లో బాగాలేకపోతే అందరూ అటు పరుగెత్తారట.

ఈ మాట నా స్నేహితురాలికి చెబితే తెల్లమొహం వేసింది. వాళ్ళ సంఘంలో ఎత్తబడడం గురించి ఆ తీరులో బోధించరు. లోకాంతంలో వచ్చే శ్రమల కాలానికి ముందే సంఘం రహస్యంగా ఎత్తబడుతుందన్న బోధ ఈ రూపంలో వ్యాపించింది పంతొమ్మిదో శతాబ్దంలోనే, జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి మూలంగా. అంతకుముందు పద్దెనిమిది వందల ఏళ్ళ పాటు పిల్లలు ఖాళీ ఇంట్లోకి ఏ భయం లేకుండా అడుగుపెట్టి ఉంటారు.

ఇంట్లో పెద్దవాళ్ళకి వేరే గొడవ ఉండేది. నాన్నకి పౌలు, మావయ్యకి యాకోబు. మావయ్య వచ్చినప్పుడల్లా రాత్రి పొద్దుపోయేదాకా, "విశ్వాసం ఉంటే చాలంటావా బావా, క్రియలు లేని విశ్వాసం మృతం అని రాశాడా లేదా?" అని ఆయనా, "ఎఫెసీ రెండూ ఎనిమిది చదువు, విశ్వాసం ద్వారా కృపచేతనే రక్షణ" అని ఈయనా. ఇద్దరికీ సాక్షి అబ్రాహామే. దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అనే ఒకే ఆదికాండ వచనాన్ని పౌలు ఒక వైపు లాగాడు, యాకోబు ఇంకో వైపు. లూథరు 1522లో రోమా మూడో అధ్యాయాన్ని జర్మనులోకి తెస్తూ మూలంలో లేని "మాత్రమే" అన్న మాట చేర్చాడు, ఆ ఏడే యాకోబు పత్రికని గడ్డిపరకల పత్రిక అన్నాడు. మావయ్య ఈ సంగతి ఎక్కడో చదివి పట్టుకొచ్చిన రోజు నాన్న మొహం చూడాలి. "విశ్వాసం మాత్రమే" అన్న మాట కొత్త నిబంధనలో ఒకే ఒక్కచోట ఉందని, అదీ యాకోబులో, "కాక" అన్న మాటతో కలిసి ఉందని మావయ్య వేలు పెట్టి చూపించాడు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "రక్షణ విశ్వాసం వల్లే. కానీ రక్షించే విశ్వాసం ఎప్పుడూ ఒంటరిగా ఉండదు" అన్నారు. "నేనూ అదేగా అంటున్నాను" అని మావయ్య. "అది కాదు నువ్వంటున్నది" అని నాన్న. మళ్ళీ మొదలు.

1999 అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో, నీతిమంతులుగా తీర్చబడడం అన్న సిద్ధాంతం మీద కతోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతోనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, పరిశుద్ధాత్మే మనల్ని సత్క్రియలకు పిలుస్తుందని ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులూ చేరారు. తేడాలన్నీ తీరిపోయాయని ఎవరూ అనలేదనుకోండి. ఈ ప్రకటన గురించి చదివినప్పుడు నాన్నా మావయ్యా ఇద్దరూ లేరు. ఫోన్ చేసి నా పాత బెంచీ స్నేహితురాలికే చెప్పాను. "ఇంతకీ దొంగతనం ఎన్నోదని తేల్చారు?" అంది.

అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు. చిన్నప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది నరకం కాదు, ఒక మాట. గలతీ పత్రికలో, క్రీస్తు దగ్గరికి మనల్ని నడిపించడానికి ధర్మశాస్త్రం "మనకు బాలశిక్షకుడాయెను" అని ఉంటుంది. మన భాషలో శిక్ష అంటే చదువు చెప్పడమూ అవును, దండించడమూ అవును. పదేళ్ళ పిల్లకి రెండో అర్థమే తెలుసు. పిల్లల్ని శిక్షించేవాడు! బెత్తం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఒక పొడుగాటి మనిషి నా పద్దు వెనక ఎప్పుడూ ఉండేవాడు.

కాలేజీ రోజుల్లో గ్రీకు తెలిసిన ఒక మాస్టారు ఆ మాట విప్పి చెప్పారు. పైడగోగోస్. చదువు చెప్పేవాడు కాదు, ఇంట్లో బానిస. యజమాని కొడుకుని వెంటబెట్టుకుని బడికి తీసుకెళ్ళి, దారిలో అల్లరి చెయ్యకుండా చూసి, పంతులు దగ్గర అప్పజెప్పడం అతని పని. దెబ్బ వెయ్యడనీ కాదు. పిల్లవాడు పెద్దయ్యేదాకానే అతని అధికారం. అదే మాస్టారు ఇంకొకటి కూడా చూపించారు. నిర్గమకాండం 20లో నా ఒకటో గడికి ముందు ఇంకో వచనం ఉంది: దాస్యగృహమైన ఐగుప్తు నుంచి నిన్ను బయటికి తెచ్చిన యెహోవాను నేనే. యూదులు ఆ పది మాటల్లో మొదటిదిగా లెక్కపెట్టేది దాన్నే. విడిపించడం ముందు, ఆజ్ఞలు తర్వాత. నా పద్దులో దానికి గడే లేదు.

సెలవులకి ఇంటికి రాగానే ఇదంతా నాయనమ్మకి చెప్పాను. అప్పటికి ఆవిడ మంచం దిగడం తగ్గింది. బానిస, పిల్లవాడు, బడి, అంతా కళ్ళు మూసుకుని విన్నది.

"అయితే బడి గుమ్మం దాకా తెచ్చి దిగబెడతాడన్నమాట."

"అవును నాయనమ్మా. అక్కడితో వాడి పని అయిపోయినట్టే."

కాసేపు ఊరుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"మరి సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళడానికి మళ్ళీ వాడే రావాలిగా?"

నా దగ్గర జవాబు లేదు. ధర్మశాస్త్రం చెడుకి కళ్ళెం, పాపికి అద్దం, ఈ రెండే కాదు, విశ్వసించినవాడికి దారి చూపడం దాని మూడో ఉపయోగమనీ, అదే ముఖ్యమైనదనీ ప్రొటెస్టంటు పండితుడు కాల్విన్ అన్నాడని, ఆ మూడోదాని మీద లూథరు అనుచరులు తమలో తాము వాదించుకుని 1577లో ఒప్పందం రాసుకోవలసి వచ్చిందని నాకు తర్వాత్తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, "వస్తాడనుకుంటా" అన్నాను.

"వస్తాడు. పిల్లాడు ఒక్కడూ ఎలా వస్తాడు" అని, దుప్పటి మీదికి లాక్కుని, దీపం తగ్గించమంది.